చేపు

టెక్సాస్‌లో మా ఆఫీసు మూడో అంతస్తులో, జిరాక్స్ మిషను పక్కన, కిటికీ లేని చిన్న గది ఒకటుంది. లోపల ఒక కుర్చీ, బుల్లి ఫ్రిజ్, తలుపుకి గడియ. 2023 జనవరిలో కాన్పు సెలవు అయిపోయి తిరిగి వచ్చాక, రోజుకి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున అందులో కూర్చునేదాన్ని. పాలు తీసే పంపు చప్పుడు వినగా వినగా దానికి మాటలొస్తాయి. నాకు "ఇంకా ఉందా, ఇంకా ఉందా" అని వినిపించేది. రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో విన్న మా అమ్మకి మాత్రం "రావే, రావే" అని. (2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయింది. అమ్మ నోట్లో ఇంకా అవలేదు.)

పెద్దాడు పుట్టిన 2019లో ఆ గది లేదు. బాత్రూములో, చివరనున్న వెడల్పాటి దాంట్లో, కమోడు మూత మీద కూర్చుని పిండుకున్నాను. ప్లగ్గు సింకు దగ్గరెక్కడో ఉండేది కాబట్టి పంపు బ్యాటరీల మీదే. పాలు తీసుకోవడానికి తీరికా, బాత్రూము కాని చోటూ ఇవ్వాలని అమెరికాలో 2010లోనే చట్టం వచ్చింది. కానీ అది ముఖ్యంగా ఓవర్‌టైమ్ వచ్చేవాళ్ళకి. నెలజీతం మీద బతికే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు, టీచర్లు దాని కిందికి రాలేదు. 2022 డిసెంబరు 29న సంతకమైన పంప్ చట్టం మమ్మల్నీ కలిపింది. చిన్నది కడుపులోంచి బయటికి రావడం, చట్టం బయటికి రావడం కొద్ది నెలల తేడాలోనే జరిగాయి.

మన దగ్గర 1961 నాటి ప్రసూతి చట్టమే, బిడ్డకి 15 నెలలు నిండేదాకా రోజుకి రెండు విరామాలు రాసిపెట్టింది. 2017 సవరణ దానికి 26 వారాల సెలవూ, 50 మంది పనిచేసే చోట పిల్లల్ని ఉంచుకునే గదీ చేర్చింది. ఓ కాలేజీలో పాఠాలు చెప్పే మా పిన్ని కూతురికి ఫోన్లో ఇది చదివి వినిపిస్తే, "ఎక్కడక్కా ఆ గది, కాస్త అడ్రసు చెప్పు" అంది.

అసలు సంగతి 2019లోనే మొదలైంది. పురిటికి అమ్మ వచ్చింది. పాలు పట్టడం నేర్పే కన్సల్టెంటు ఒకావిడ ఇంటికొచ్చి, బొమ్మలు చూపిస్తూ 'లెట్‌డౌన్' గురించి అరగంట చెప్పింది. "ఏంటే అంటుంది?" అని అమ్మ. పాలు లోపల ఉన్నా ఊరికే దిగవనీ, ఒంట్లో ఏదో జరిగితే ఒక్కసారిగా వదులుతాయనీ నేను తంటాలు పడుతున్నాను.

"చేపడమా? దానికి అరగంటెందుకే!"

అమ్మ పుట్టిల్లు ఆలమూరు దగ్గర. దొడ్లో నాలుగు గేదెలుండేవి. గేదె చేపడం, చేపకుండా ఎగబెట్టడం, దూడని ఎంతసేపు వదలాలి, ఎప్పుడు లాగెయ్యాలి, ఇవన్నీ ఆవిడకి పలకాబలపం కంటే ముందొచ్చిన చదువులు. పంపు మొదటి రెండు నిమిషాలూ గబగబా తేలిగ్గా లాగి, ఆ తర్వాత నిదానంగా, గట్టిగా లాగుతుంది కదా. అమ్మ ఆ గరాటు వంక చూస్తూ, "ముందు కుమ్ముతోంది చూడు, దూడలాగే" అంది. నిజంగా అంతే. బిడ్డ చప్పరింపు మెదడుకి అందితే ఆక్సిటోసిన్ వదులుతుంది. పాలగ్రంథుల చుట్టూ ఉన్న కండరాల్లాంటి సన్నటి కణాలు బిగిసి పాలని ముందుకి నెడతాయి. కంగారు పడ్డా, సిగ్గుపడ్డా, నొప్పి పుట్టినా అది ఆగిపోతుంది. బాత్రూములో అవతల ఎవరో తలుపు తడితే నాకు ఆగిపోయినట్టు. కాన్పులో నొప్పులు తెప్పించడానికి నాకు చుక్కలుచుక్కలుగా ఎక్కించింది ఆ ఆక్సిటోసినే. చేపని గేదెలకి దొంగచాటుగా పొడిచే సూదిమందూ అదే.

పిల్లాడి వీడియో ఎదురుగా పెట్టుకుని పంపు చేసుకోమని ఆ కన్సల్టెంటే చెప్పింది. వాడు పక్కగదిలో నిద్రపోతుంటే, నేను ఫోన్లో వాడి ఏడుపు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"మా నాన్న కూడా ఇలాగే చేసేవాడే. దూడ పోతే దాని తోలులో గడ్డి కూరి, ఉప్పునీళ్ళు చల్లి, గేదె ముందు నిలబెట్టేవాడు. అది నాకుతూ, నాకుతూ..." అక్కడ ఆగిపోయింది. పసివాడున్న ఇంట్లో ఏం మాట తీశానా అనుకుందేమో, "ఛీ ఛీ, నా నోరు పడ" అని వాడి దగ్గరికెళ్ళి ఉప్పు దిగదుడిచింది. గేదె చేపేదా లేదా అని నేను అడగలేదు. చేపబట్టే కదా ఆ గడ్డిదూడని చేసేవాళ్ళు.

2023 మేలో తమ్ముడి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాం. దానవాయిపేటలో మా ఇంటికి చేరిన మర్నాడే చిన్నదానికి జలుబు. ముక్కు మూసుకుపోయి పాలు పట్టుకోవడం లేదు, పట్టుకుని రెండు గుక్కలకే వదిలేసి ఏడుపు. నాకేమో రాళ్ళు కట్టి సలపరం. పంపు తీసి గోడకి పెట్టాను. 110 వోల్టుల అడాప్టరు, మన కరెంటు 230. టప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన. ఇంజనీరింగ్ చదివిందాన్ని నేనే.

అమ్మ తిట్టలేదు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది. స్టీలు గ్లాసు మరగబెట్టి తెచ్చింది. "గుంజకు. బొటనవేలు పైన, రెండు వేళ్ళు కింద, నలుపుకి కాస్త వెనక్కి. ముందు ఒంటివైపు నొక్కు, తర్వాత ముందుకి. ఆఁ, అలా." కాసేపు ఏమీ లేదు. పక్కగదిలో మా చిన్నది ఏడ్చింది, ఈసారి ఫోన్లో కాదు. గ్లాసు అడుగున చుయ్ చుయ్‌మని మొదలైంది.

నాలుగు గంటలు నిలవుంటాయని నేను నెమ్మదిగా చెప్పబోయాను. అది 25 డిగ్రీల గది లెక్క. రాజమండ్రిలో మే నెలలో 25 అంటే దాన్ని గది అనరు, ఫ్రిజ్ అంటారు. అమ్మ అదేం వినలేదు. గ్లాసు వెలుతురుకి పట్టి చూసింది.

"ఎన్ని ఔన్సులే?"

గ్లాసు మీద గీతలు లేవు. తెలీదన్నాను.

"గిద్దెడుంటాయిలే" అని తనే లెక్క కట్టుకుని, ఉగ్గుగిన్నె కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది.