మండలం వచ్చిన ఏడు

అక్క ఏడో తరగతి పాసైంది 1981లో. మా ఊరి బడి అంతవరకే. ఎనిమిది చదవాలంటే పట్నంలో హాస్టల్ సీటు దొరకాలి. సీటు దొరకాలంటే ఆదాయం సర్టిఫికెట్ కావాలి.

మాది అనంతపురం జిల్లాలో ఓ మూల పల్లె. తాలూకా ఆఫీసు 40 కిలోమీటర్లు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కరణం సంతకం, ఆపైన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, చివరికి తహసీల్దారు. నాయన మూడుసార్లు తిరిగాడు. మొదటిసారి దొర క్యాంపులో ఉన్నాడన్నారు. రెండోసారి కాగితంలో ఏదో తప్పుందన్నారు. మూడోసారి చేతికొచ్చింది కానీ అప్పటికే సీట్లు నిండిపోయాయి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నారు ఇంట్లో. వచ్చే ఏటికి అక్క కూలోళ్లతో కలిసి శనక్కాయలు పెరుకుతోంది.

1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినప్పుడు నాయన పెద్దగా సంబరపడలేదు. మరుసటి ఏడు కరణం, మునసబు పదవులు రద్దు చేస్తే, 'ఊళ్లో ఉన్న ఒక్క సర్కారు మనిషినీ పీకేసినాడు, ఇంక కాగితం ఎవరు రాస్తారు?' అని విసుక్కున్నాడు. 1985లో తాలూకాలు కూడా పోయాయి. మూడొందల పైచిలుకు తాలూకాల చోట పదకొండు వందలకు పైగా మండలాలు వచ్చాయి. సర్కారు దగ్గరికి జనం కాదు, జనం దగ్గరికే సర్కారు రావాలన్నది ఆయన పట్టు. ఆ ఏడే మా జిల్లాలోని హిందూపురం నుంచి శాసనసభకు గెలిచారు. కృష్ణా జిల్లా నిమ్మకూరు ఆయనకు సీమ మీద ఉన్నది ప్రేమా, ఓట్ల లెక్కా అని రచ్చకట్ట మీద పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్లు.

నాకు మాత్రం 1986లో ఒక పొద్దు గుర్తుంది. నా హాస్టల్ సీటు కోసం నాయన నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఏడు కిలోమీటర్ల దూరంలోని మండలాఫీసుకు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం సంగటి వేళకు ఇంటికొచ్చేశాం. సర్టిఫికెట్ నా జేబులో ఉంది. అక్క దాన్ని తీసి చదివి, మళ్లీ జేబులోనే పెట్టింది. ఏమీ అనలేదు.

మండలం వచ్చినంత మాత్రాన అన్నీ రాలేదు. ఆఫీసు దగ్గరికొచ్చింది గానీ ఆఫీసరు అక్కడ కాపురం పెట్టలేదు. సాయంత్రం బస్సుకు పట్నం చేరుకునేవాడు. ఆస్పత్రి కట్టారు, డాక్టరు వారానికోసారి కనిపించేవాడు. ఇక నీళ్లంటారా, హంద్రీ-నీవా మాట ఆయన కాలం నుంచీ వింటున్నదే. కృష్ణా నీళ్లు మా జిల్లాలో అడుగుపెట్టేసరికి 2012 అయింది. అప్పటికి నాయన లేడు.

ఆంధ్రలో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. రెండేళ్ల తర్వాత మనవరాలి సర్టిఫికెట్ కోసం అక్కతో కలిసి వెళ్లాను. అర్జీ పెట్టి వచ్చాం. నాలుగు రోజులకు కబురొస్తే మళ్లీ వెళ్లాం. ఇంటి నుంచి రెండు వీధుల దూరం. ఆ పిల్లాడు ప్రింటు తీసి చేతికిచ్చాడు.

అక్క ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

'ఇంతేనేమిరా? దీనికేనా?' అంది.