చాటుగా పెంచిన పిల్లి

మొన్నటి మాఘమాసములో ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలు దాటాక, మా అపార్ట్‌మెంటులో మూడవ అంతస్తులో అద్దెకుంటున్న ఒక యువకుడు మా తలుపు తట్టాడు. కుడి చేతికి రుమాలు చుట్టుకొని ఉన్నాడు. “అంకుల్, రేకు గీసుకుంది. ఒక్కసారి చూస్తారా?” అని అడిగాడు.

రుమాలు విప్పి చూశాను. బొటనవ్రేలి మొదట కండ మీద, లావుపాటి సూదితో పొడిచినట్లు రెండు చిన్న గాట్లు ఉన్నాయి. వాటి చుట్టూ మణికట్టు వరకు చేయి ఎర్రబడి, వాచి, వేడిగా ఉంది. దెబ్బ తగిలింది ఆనాటి ఉదయమేనట. రేకు గీసుకుంటే గీత పడుతుంది గాని రెండు రంధ్రములు పడవు.

“బాబూ, నీ దగ్గర పిల్లి ఉందా?” అన్నాను.

అతడు వీధి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “రెండు ఉన్నాయి అంకుల్. దయచేసి ఓనరుగారికి చెప్పకండి” అన్నాడు.

అతనిని మందలించుటకు నాకు నోరు రాలేదు. “ఎవ్వరికీ చెప్పకూడదు” అనే మాటను ఒకప్పుడు నా ఎనిమిదేళ్ళ కూతురికి నేర్పినవాడిని నేనే. ఆ కథ ఇంతవరకు మా కుటుంబములో తప్ప ఎక్కడా చెప్పలేదు. వైద్యుడి తప్పు కూడా పదిమందికి ఉపయోగపడవచ్చుననే తలంపుతో ఈనాడు వ్రాస్తున్నాను.

1983లో నేను గోదావరి జిల్లాలో ఒక తాలూకా ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పెద్ద మండువా ఇంటిలో వెనుక భాగము మాకు అద్దెకిచ్చారు. ఇంటి యజమానురాలు డెబ్బయి ఏళ్ళ వృద్ధురాలు. ఊరంతా ఆమెను మామ్మగారని పిలిచేది. ఆచారము, మడి గట్టిగా పాటించే మనిషి. ఇల్లు ఇచ్చిన నాడే, “నీళ్ళు వృథా చెయ్యకండి. కుక్కా పిల్లీ వద్దు. పిల్లి మూతి పెట్టిన పాలు దేవుడికి పనికిరావు” అని స్పష్టముగా చెప్పారు. నేను తల ఊపాను.

ఆ వానాకాలములో మా అమ్మాయి ఆసుపత్రి షెడ్డు క్రింద తడుస్తున్న పసుపుచారల పిల్లికూనను గౌనులో చుట్టి ఇంటికి తెచ్చింది. రెండు రోజులు ఉంచి పంపేద్దామని నా భార్య అన్నది. రెండు రోజులు రెండు నెలలయ్యాయి. దానికి ‘పండు’ అని పేరు కూడా వచ్చింది. పాలవాడి దగ్గర పావు లీటరు ఎక్కువ తీసుకుంటూ, పాపకు నీరసముగా ఉందని చెప్పాము. పిల్లి అరచినప్పుడల్లా నా భార్య రేడియో గొంతు పెంచేది. మామ్మగారు అటువైపు వస్తే దానిని గంప క్రింద మూసేవాళ్ళము. మామ్మగారితో నిజము చెప్పి అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. ఊరంతా నమస్కరించే డాక్టరు ఒక పిల్లికూన కోసము బ్రతిమాలుటయా అనే అహము, ఇల్లు ఖాళీ చేయమంటారేమో అనే భయము నన్ను ఆపాయి.

ఒక సోమవారము మామ్మగారు అద్దె కోసము తలుపు తట్టారు. మా అమ్మాయి గాభరాగా పిల్లిని గంప క్రిందకు తోస్తుండగా దాని తోక అంచు క్రింద నలిగింది. అది పిల్ల బొటనవ్రేలిని కరచి, పెరటి తలుపులోనుండి పారిపోయింది. పిల్ల ఏడవలేదు. పసుపు అద్దుకొని, గుడ్డపీలిక చుట్టుకొని, బడిలో పెన్సిలు చెక్కుకుంటుంటే కోసుకుందని తల్లితో చెప్పింది. పండు ఏదని మేము అడిగితే, తనంతట తానే వెళ్ళిపోయిందన్నది.

గురువారము సాయంత్రము పాఠము వ్రాసుకుంటున్న పిల్ల పెన్సిలును వింతగా పట్టుకొనుట చూశాను. పీలిక విప్పాను. చీము పట్టిన రెండు గాట్లు కనిపించాయి. “పండు కరిచింది నాన్నా. మామ్మగారికి తెలిస్తే మనల్ని పంపేస్తారని చెప్పలేదు” అన్నది.

ఆనాటి పరిస్థితిని నేటి తరమువారికి చెప్పాలి. అప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉన్న రేబీస్ టీకా గొర్రె మెదడు కణజాలము నుండి చేసినది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు రూపొందించిన పద్ధతి అది. దానిని ‘బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు’ అని జనము చెప్పుకునేవారు. దానితో బాధ ఒక ఎత్తు, ప్రమాదము మరొక ఎత్తు. ఆ టీకాలోని మెదడు పదార్థముపై శరీరము ఎదురుతిరిగి, కొద్దిమందిలో అదే ప్రతిచర్య రోగి నాడీమండలమును దెబ్బతీసేది. కాళ్ళు చచ్చుబడిన రోగిని నేను కళ్ళారా చూశాను. కణవర్ధనము ద్వారా చేసే కొత్త టీకాలు మా వంటి ఊళ్ళకు అప్పటికి చేరలేదు.

కరచిన జంతువు కళ్ళ ఎదుట ఉంటే పది రోజులు గమనించవచ్చు. పిల్లి గాని, కుక్క గాని కరచిన నాటి నుండి పది రోజులు ఆరోగ్యముగా ఉంటే, కరచిన వేళ దాని లాలాజలములో రేబీస్ విషాణువు లేదని అర్థము. మా పిల్లి కంటికి కనిపించుట లేదు. దానిని వెదకాలంటే ఊరిలో అడగాలి, అడగాలంటే ముందు మామ్మగారికి చెప్పాలి.

మండువా దాటి వారి వసారాలోకి వెళ్ళిన ఆ పాతిక అడుగులు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. జరిగినదంతా చెప్పాను. ఆమె జపమాల ప్రక్కన పెట్టి, “పసుపుచారల పిల్లా? నిన్న మా గాదె క్రింద పడుకుని ఉంటే, ఎవరిదో దొంగపిల్లి అనుకున్నాను. పాలేరు చేత గోనెసంచిలో కట్టించి కాలవ అవతల వదిలించాను. మీదని ఒక్క మాట చెబితే అలా చేయించేదాన్నా డాక్టరుగారూ?” అన్నారు. కొంచెమాగి, “పిల్ల నాలుగు రోజులు నొప్పి దాచుకున్నదా, నాకు భయపడి?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానము లేదు. పిల్లకు ఆ భయమును నేర్పినవాడిని నేనే.

ఆ రాత్రే కాకినాడలో ఉన్న మా గురువుగారికి ట్రంకుకాల్ చేశాను. “చేతికి కాటు, జంతువు లేదు. ఇంకా ఆలోచిస్తున్నావా? రేపు ప్రొద్దున్నే మొదలుపెట్టు. పిల్లి దొరికితే అప్పుడు చూద్దాము” అన్నారు. మరునాటి ఉదయము నా కూతురి పొట్టపై మొదటి సూది నేనే వేశాను. అటు తరువాత ప్రతి ఉదయము నిద్ర లేవగానే దాని కాళ్ళు కదిలించి చూసేవాడిని. ఎందుకు నాన్నా అని అడిగితే చక్కిలిగింత పెడుతున్నానని చెప్పేవాడిని.

మామ్మగారు పాలేరును, అతని కొడుకులను కాలవ అవతలికి పంపారు. ఆదివారము నాడు ఒక బియ్యపు మిల్లు ఊకరాశి దగ్గర పండు దొరికింది. పట్టినవారిని గీరకుండా దుప్పటి కప్పి తెచ్చారు. దానిని మామ్మగారి పశువుల కొట్టములోనే పెద్ద గంప క్రింద ఉంచి, పాలేరు ఒక్కడే కర్రతో పాలగిన్నె లోపలికి జరిపేవాడు. మా అమ్మాయి దూరముగా నిలబడి రోజుకొక సుద్దగీత గోడ మీద గీసేది. పదవ రోజు అయిన ఆ గురువారము పండు పాలు త్రాగి, ఒళ్ళు నాకుకొని, హాయిగా నిద్రపోయింది. గురువుగారితో మాట్లాడి ఇంజెక్షన్లు ఆపివేశాను. అప్పటికి ఏడు అయ్యాయి. దైవానుగ్రహము వలన పిల్లకు ఏ ఉపద్రవము కలుగలేదు.

మామ్మగారు మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమనలేదు. “వంటింటి గడప దాటనివ్వకండి” అని మాత్రము అన్నారు. రెండేళ్ళ తరువాత నాకు బదిలీ అయినప్పుడు, పిల్లి ఇంటికి అలవాటు పడుతుంది గాని మనుషులకు కాదంటూ, దానిని తిరిగి ఇవ్వలేదు.

కాటు పడినప్పుడు

పిల్లి పళ్ళు సన్ననివి, పొడవైనవి. కాటు పైకి చిన్నదిగా కనిపించినా లోతుగా దిగి, పిల్లి నోటిలోని పాస్చురెల్లా వంటి సూక్ష్మజీవులను కండరముల, కీళ్ళ దగ్గరకు చేరుస్తుంది. అందువలననే కొద్ది గంటలలోనే వాపు, నొప్పి కలుగుతాయి. చేతి మీద కాటు పడితే వైద్యుని చూచుట తప్పనిసరి.

మొదటి పని, గాయమును పారే నీటి క్రింద సబ్బుతో పదిహేను నిమిషములు కడుగుట. పసుపు, కాఫీపొడి, సున్నము, కారము పెట్టరాదు. తరువాత ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతము టీకా, అవసరమైన యాంటీబయాటిక్, రేబీస్ టీకా తీసుకోవాలి. చర్మము తెగి రక్తము వస్తే టీకాతో పాటు గాయము చుట్టూ రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. నేటి టీకాలు సురక్షితమైనవి. మెదడు కణజాలపు టీకాను మన దేశములో మానివేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు చర్మములోనికి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలోను, కండరములోనికి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులలోను వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభిస్తుంది. కనుక పది రోజులు పిల్లిని చూసి తరువాత మొదలుపెడదామని ఆగకండి. టీకా మొదలుపెట్టండి, పిల్లిని కూడా గమనించండి. రేబీస్ లక్షణములు పొడచూపిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము.

పిల్లి గీరిన ఒకటి నుండి మూడు వారములకు చంకలోనో మెడలోనో బిళ్ళలు కట్టి జ్వరము వస్తే, ఆ గీరిన సంగతి వైద్యునికి చెప్పాలి. బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి వలన కలిగే ఆ వ్యాధిని, సంగతి దాచినప్పుడు క్షయ అని పొరబడే అవకాశము ఉన్నది.

గర్భిణులు టాక్సోప్లాస్మా గురించి భయపడి పిల్లిని వదిలివేయనవసరము లేదు. పిల్లి మలములోని ఆ పరాన్నజీవి గ్రుడ్లు అంటుకొనే స్థితికి వచ్చుటకు ఒకటి నుండి ఐదు రోజులు పడుతుంది. మలపు పళ్ళెమును ప్రతిదినము ఇంటిలో వేరొకరు శుభ్రము చేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. సరిగా ఉడకని మాంసము కూడా ఆ వ్యాధికి ముఖ్యమైన మార్గమని మరువరాదు.

దాచుట వలన వచ్చే చేటు

ఆ యువకుని గదికి మరునాడు వెళ్ళాను. పిల్లులు బయటకు కనిపిస్తాయని కిటికీలన్నీ మూసి, తెరలు వేసి ఉంచాడు. లోపల మూత్రపు ఘాటు వాసన. పక్కవాళ్ళు చూస్తారని చెత్తసంచిని మూడు రోజులకు ఒకసారి అర్ధరాత్రి క్రిందికి తెస్తాడట. బుట్టతో మెట్లు దిగితే వాచ్‌మన్ చూస్తాడని పశువైద్యుని దగ్గరకు ఒక్కసారి కూడా తీసుకువెళ్ళలేదు. పిల్లులకు రేబీస్ టీకా లేదు, సంతాననిరోధక శస్త్రచికిత్స లేదు. ఒకదానికి ఒళ్ళు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ పావుముక్క వేద్దామనుకున్నాడట. వేయకపోవుట ఆ పిల్లి అదృష్టము. మనకు మేలు చేసే ఆ మాత్ర పిల్లికి విషము, కొద్ది మోతాదే ప్రాణము తీస్తుంది.

ఇంటి యజమాని పక్షమున కూడా ఒక న్యాయమున్నది. పిల్లి లాలాజలము నుండి, చర్మము నుండి వచ్చే అసహనకారక పదార్థములు తివాచీలలో, పరుపులలో, గోడల మీద నెలల తరబడి నిలిచి ఉంటాయి. ఆ తరువాత అద్దెకు వచ్చే కుటుంబములో ఉబ్బసము ఉన్న బిడ్డ ఉంటే, కారణము తెలియకనే ఆయాసపడుతుంది. మరొక ప్రక్క, దొరికిపోయామని పిల్లులను వీధిలో వదిలివేయుట కూడా తప్పే. ఆకలిదప్పులకు గురయ్యే విధముగా జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము.

ఆ రాత్రి అతనిని నేనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. మూడవ టీకా అయిన రోజున, “యజమానికి నీవే చెప్పు. నేను చెప్పను” అన్నాను. వారము తరువాత చెప్పాడు. యజమాని అంగీకరించలేదు. కాని నిజము చెప్పినందుకు ఇల్లు వెదకుకొనుటకు రెండు నెలలు గడువు ఇచ్చాడు. ఈ మధ్యనే అతడు మరొక పేటలో ఇల్లు చూసుకున్నాడు. అద్దె పత్రములో ‘రెండు పిల్లులు’ అని వ్రాయించుకున్నాడట. అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువ. కిటికీలకు వల కట్టి, తెరలు తీసివేశానని ఫోనులో చెప్పాడు.

ఈ వ్యాసమును ప్రచురించే ముందు మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆమెకు ఇప్పుడు యాభై ఏళ్ళు. అంతా విని, “ఆ ఉదయాలు నువ్వు చక్కిలిగింతలు పెట్టలేదని నాకు అప్పుడే తెలుసు నాన్నా” అన్నది.

మీ పిల్లల చేతి మీద రెండు చిన్న గాట్లు కనిపిస్తే మొదట కోప్పడకండి. నిజము చెప్పినా ఇంటిలో చోటు ఉంటుందనే ధైర్యము వారికి కలిగించండి. తరువాత సబ్బు, నీరు, ఆసుపత్రి.