కేబిన్ కప్పు ఊడదీశాక

రండి, హీటరు పక్కకి జరిగి కూర్చోండి, టీ వస్తోంది. ఇవాళ పడవ కప్పు గురించి మాట్లాడుకుందాం. పడవ అనగానే గోదావరి మీద లాంచీ అనుకునేరు! నేనుండేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, పోర్ట్స్‌మత్ దగ్గర. ఇక్కడ మామూలు ఉద్యోగస్తులు కూడా పాత తెరచాప పడవ ఒకటి కొనుక్కుని, శని ఆదివారాలు అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటారు. అలా పడుకున్నప్పుడు చాలా పడవల్లో ముఖం మీదికి వేలాడుతూ కనిపించేది కప్పుకి అతికించిన రెక్సిన్.

సముద్రం మీద సరదా కుటుంబాలకి అందుబాటులోకి వచ్చింది ఫైబర్ పడవల వల్లే. నౌకాదళంలో పనిచేసిన డెనిస్ రేనర్ 1963లో పెట్టిన వెస్టర్లీ కంపెనీ మాకు దగ్గర్లోని వాటర్‌లూవిల్‌లోనే ఉండేది. వాళ్ళ సెంటార్ అనే పడవ పొడవు 26 అడుగులు. 1969 నుంచి 1980 దాకా రెండు వేలకు పైగా కట్టారు. అడుగున రెక్కల్లా కిందికి దిగే రెండు కీల్‌లు ఉంటాయి కాబట్టి పోటు తీసినప్పుడు బురదలో ఒరిగిపోకుండా నిటారుగా కూర్చుంటుంది. మా తీరంలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రోజుల్లో చాలామంది తయారీదార్లు వెనకవైపు పల్చటి ఫోమ్ ఉన్న రెక్సిన్‌ని నేరుగా ఫైబర్‌కి జిగురుతో అతికించేసేవారు. చూడ్డానికి మెత్తగా ఉంటుంది, చలికి కాస్త అడ్డం, పని చవక. వాళ్ళని తప్పుపట్టను.

ఇన్నేళ్ళకి పాడయ్యేది రెక్సిన్ కాదు. జిగురు కూడా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. పోయేది మధ్యలో ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల ఫోమ్. తేమకీ ఎండకీ దాని పట్టు సడలి గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. ఇది తెలియక చాలామంది జారిన చోట సిరంజితో జిగురు ఎక్కిస్తారు. పొడికి జిగురు రాస్తే ఏం నిలుస్తుంది? ఆ డబ్బు దాచుకోండి. ఈ సీజన్ గడిస్తే చాలనుకుంటే అడ్డంగా సన్నటి చెక్క బద్దలు బిగించండి.

రెక్సిన్ ఊడదీయడం తేలిక. ఒక మూల పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. కాకపోతే దాని అంచులు కిటికీ ఫ్రేముల కింద నొక్కి ఉంటాయి కాబట్టి కిటికీలు కూడా విప్పాల్సి రావచ్చు. అసలు చాకిరీ మిగిలిన ఫోమ్‌ని గోకడం. డ్రిల్లుకి తీగ బ్రష్షు తగిలించి పెడితే కేబినంతా పొడే. మంచి మాస్కు, కళ్ళద్దాలు లేకుండా మాత్రం దిగకండి. ఊడదీసిన రెక్సిన్‌ని పారెయ్యకండి, కొత్తది కత్తిరించడానికి కొలత అదే.

ఇక అసలు సంగతి. కప్పు ఊడాక పైన కనిపించేది డెక్ అడుగుభాగం. లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారే, పడవ లోగుట్టంతా అక్కడుంటుంది. మా మిత్రుడి పడవలో ఒక బోల్టు నట్టు చుట్టూ తుప్పురంగు చార, అక్కణ్ణుంచి రెండడుగుల దూరం పాకి, బెర్తు పైన చుక్కగా ఆగింది. ఆయన అన్నాళ్ళూ ఆ చుక్క పడేచోటే మందు పూస్తున్నాడు. నీరు దిగేది రెయిలింగు కంబం దగ్గర! స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా, పుచ్చకాయ తట్టి చూసినట్టు, తట్టుకుంటూ వెళ్ళండి. టక్‌మంటే బాగున్నట్టు. మొద్దుగా, చచ్చుగా పలికితే లోపల తడి చేరిందని అనుమానించాలి. చాలా పడవల డెక్‌లో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా కలప ఉంటుంది. బోల్టు కన్నంలోంచి దిగిన నీరు దాన్ని కుళ్ళబెడుతుంది. కంబాలన్నీ విప్పి, కన్నాలు ఎండబెట్టి, కొత్త సీలెంట్ పెట్టి బిగించుకునే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో!

కొత్త కప్పుకి రెండు దారులు. మళ్ళీ ఫోమ్ రెక్సిన్ నేరుగా అతికించడం ఒకటి. వంపుల్లో బాగా కూర్చుంటుంది. వేసవి ఎండకి డెక్ కాలినా మెత్తబడని జిగురే వాడాలి. దాని ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. తలుపులన్నీ తీసి, స్టవ్ జోలికి పోకుండా పనిచెయ్యండి.

నా ఓటు రెండోదానికి. కప్పుకి చెక్క బద్దలు ఎపాక్సీతో అతికించి, నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలకి రెక్సిన్ చుట్టి, వెనక స్టెయిన్‌లెస్ పిన్నులు కొట్టి, ఆ పలకల్ని స్క్రూలతో బిగించడం. పలకల వెనక, అంచులకి వార్నిష్ తప్పనిసరి. బద్దల మధ్య నీరు పీల్చని ఫోమ్ పెడితే రాత్రి ఊపిరికి కప్పు చెమర్చడం తగ్గుతుంది. ఖర్చెక్కువే, నెత్తికి కాస్త ఎత్తూ తగ్గుతుంది. కానీ ఏ బోల్టు కారినా నాలుగు స్క్రూలు విప్పి చూసుకోవచ్చు. అతికించిన కప్పుని చింపితే తప్ప చూడలేం.

మీలో ఎవరికైనా ఇలాంటి పడవ ఉంటే ఒక్క మాట వినండి. సీలెంట్ పెట్టిన మర్నాడే పలకలు బిగించెయ్యకండి. ఒకరు పైన గొట్టంతో నీళ్ళు కొడుతుంటే, ఇంకొకరు కింద టార్చి పట్టుకుని ప్రతి నట్టూ చూడండి. ఒక పెద్ద వాన కూడా వెళ్ళాక, అన్నీ పొడిగా ఉంటేనే కప్పు బిగించండి.