పాత కంప్యూటర్, కొత్త ర్యామ్, మా పొరపాటు



ఈ వారం ఒక పొరపాటు గురించి రాస్తున్నాము. అది మేము చేసినదే. మీరిచ్చిన కానుక డబ్బుతో చేసినది కనుక మీకు చెప్పే బాధ్యత మాకుంది. మీలో ఎవరింట్లోనైనా పాత కంప్యూటర్ ఉంటే ఈ నాలుగు మాటలు పనికొస్తాయి కూడా.

మందిరం పక్క గదిలోని కంప్యూటర్ మీకు తెలిసిందే. ఆదివారం తెర మీద పాటలు వేసేది అదే. పిల్లలు హాల్ టికెట్లు తీసుకునేది, స్కాలర్‌షిప్ ఫారాలు నింపేది దాని మీదే. కొన్నాళ్లుగా అది బాగా నెమ్మదించింది. స్విచ్ వేసి, టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. డిగ్రీ అడ్మిషన్ చివరి రోజున ఒక అమ్మాయి ఫారం సగంలో ఆగిపోయింది. ఆ బిడ్డ కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కి మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు పరుగెత్తింది. ఆ సాయంత్రమే ర్యామ్ పెంచాలని అనుకున్నాము.

ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేసుకునే బల్ల లాంటిది. బీరువా ఎంత పెద్దదైనా బల్ల చిన్నదైతే పని సాగదు. మన దానిలో ఉన్నది 2 జీబీ మాత్రమే. సంగతి చెప్పగానే మీరు తలా కొంత ఇచ్చారు. ఒక అవ్వ కొంగు ముడి విప్పి, కోడిగుడ్లు అమ్మిన 200 రూపాయలు మా చేతిలో పెట్టింది.

మేము టౌనుకు వెళ్లి, "డెస్క్‌టాప్‌కు 4 జీబీ ర్యామ్ ఇవ్వండి" అన్నాము. ఇచ్చారు. తెచ్చి పెట్టబోతే దిగలేదు. నొక్కితే దిగుతుందేమోనని రెండు బొటనవేళ్లతో నొక్కాము. బోర్డు వంగుతున్నట్టనిపించి భయమేసి ఆపాము. మళ్లీ షాపుకు పోతే, కవరు చించిన సరుకు వెనక్కి తీసుకోరన్నారు. వాళ్లను అనడానికి లేదు. మేము అడిగినదే వాళ్లిచ్చారు. అడగడమే మాకు తెలియలేదు.

మన ఆరాధనలో కీబోర్డు వాయించే కుర్రాడు మండల కేంద్రంలో కంప్యూటర్లు బాగుచేస్తాడని మాకు తెలుసు. అయినా సెమినరీలో చదువుకున్న మేము ఇంత చిన్న పనికి కుర్రాణ్ణి అడగాలా అనుకున్నాము. పొరపాటు మొదలైంది అక్కడే.

అతను వచ్చి మొదట అడిగిన మాట ఇది: "అయ్యగారూ, పాత స్టిక్ మీద ఏం రాసుందో చూశారా?"

చూడలేదు.

రెండు స్టిక్కులూ పక్కపక్కన పెట్టి చూపించాడు. మన బోర్డుది డీడీఆర్3, మేము కొన్నది డీడీఆర్4. మొదటి దానికి 240 పిన్నులు, రెండో దానికి 288. కింద అంచులో ఉండే గాటు కూడా వేరే చోట ఉంటుంది. తప్పు స్టిక్ దిగకుండా ఆపడానికే ఆ గాటు. వోల్టేజీ కూడా వేరు. డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్4కి 1.2. "అది దిగకపోవడమే మంచిదైంది అయ్యగారూ, ఇంకాస్త నొక్కితే బోర్డే పోయేది" అన్నాడు.

అతను నేర్పినవి మీకూ చెబుతున్నాము. ముందు పాత స్టిక్ స్టిక్కర్ చదవండి. మన దాని మీద పీసీ3-10600 అని ఉంది. పీసీ3 అంటే డీడీఆర్3, 10600 అంటే 1333 వేగం. 1600 స్టిక్ వేసినా పని చేస్తుంది, కాకపోతే 1333 వేగంతోనే నడుస్తుంది. తర్వాత బోర్డు పేరు చూడండి. మనది 2011 నాటి హెచ్61 రకం. రెండే స్లాట్లు, ఒక్కో దానిలో 8 జీబీకి మించి పట్టదు. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌కు పనికిరాదు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్ చవగ్గా దొరికినా మన బోర్డు మీద నడవదు. కొన్ని చవక స్టిక్కులు ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి. మనది ఇంటెల్ కాబట్టి అవీ వద్దు.

వాడిన 4 జీబీ డీడీఆర్3 స్టిక్ ఒకటి అతనే చూశాడు. అక్కడే ఒక కంప్యూటర్లో పెట్టించి, పనిచేస్తుందని చూశాకే డబ్బులిచ్చాడు. ఇక్కడికొచ్చి ప్లగ్గు పీకి, చేత్తో ఇనుప డబ్బాను ఒకసారి తాకి, పాత స్టిక్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రెండూ పెట్టాడు. టక్కున దిగాయి. బలవంతంగా నొక్కాల్సిన పనే లేదు.

అయినా మొత్తం 6 జీబీలో 3 చిల్లరే వాడుతోంది. మన విండోస్ 32 బిట్‌ది, అది 4 జీబీకి మించి వాడుకోలేదట. పాటలూ రిజిస్టర్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, 64 బిట్‌ది వేశాడు. ఇప్పుడు పాట అడిగిన వెంటనే తెర మీదకు వస్తోంది.

నెలాఖరు లెక్కల్లో కోశాధికారి "ర్యామ్" అని ఒక్క వరుసలో రాయబోయారు. మేము వద్దని, రెండు వరుసలు రాయించాము. ఒకటి పొరపాటున కొన్నది, రెండోది పనికొచ్చింది. మొదటి దాని డబ్బు రెండు నెలల్లో మా జీతంలోంచి కడతామని పెద్దల ముందు చెప్పాము.

ఆ అవ్వకు విడిగా వెళ్లి చెప్పాము. అన్నిటికంటే కష్టమైన పని అదే. విని నవ్వింది. "పొదగేసిన గుడ్లన్నీ పిల్లలవుతాయా అయ్యగారూ? ఈసారి ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి" అంది.

ఆ డీడీఆర్4 స్టిక్ ఇంకా మా బీరువాలోనే ఉంది. మీలో ఎవరి కంప్యూటర్‌కైనా సరిపోతే వచ్చి తీసుకువెళ్లండి. కాకపోతే రాబోయే ముందు, మీ పాత స్టిక్ మీద ఏం రాసుందో చూసి రండి.