శెనక్కాయకు మేనమామలు

రాప్తాడు దాటాక రోడ్డుకు రెండు వైపులా ఎర్రనేలే. మేం వెళ్ళింది ఆగస్టులో, వేరుశనగ చెట్టుకు ఊడలు దిగే అదునులో. ఒక పెద్దాయన మొక్కను వేళ్ళతో సహా లాగి చేతికిచ్చాడు. పసుపు పువ్వు నేల పైన పూస్తుంది. పువ్వు వాడాక దాని అడుగు నుంచి ఊదారంగు దారం లాంటి ఊడ ఒకటి కిందికి సాగి, మట్టిలోకి దూరి, ఆ చీకట్లో కాయవుతుంది. ఆ మొక్కకు సగం ఊడలు ఇంకా నేల అందక గాల్లోనే ఉన్నాయి. "పదునుంటే దిగుతాయప్పా. ల్యాకుంటే ఆడ్నే ఎండిపోతాయి" అన్నాడాయన. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో ఆ మాటకు వివరణ అక్కర్లేదు.

గట్టు మీద వయ్యారిభామ కలుపు తెల్లగా విరగబూసింది. ఆయన దాన్ని చూపించి 2000 సంవత్సరం ఖరీఫ్ సంగతి ఎత్తాడు.

ఆ ఏడు వాన కాదు దెబ్బ కొట్టింది. కొనలు నల్లబడి, కాండం కుళ్ళి, చెట్లు నిలబడినచోటే చచ్చిపోయాయి. అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొదట అందరూ పాత మొవ్వుకుళ్ళు తెగులే అనుకున్నారు. వైరస్ పైపొర ప్రోటీన్ తయారుచేసే జన్యువును చదివాక గానీ అసలు దొంగ దొరకలేదు. అది టొబాకో స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ ఒంట్లో ఏ జబ్బు లక్షణమూ చూపకుండా దాక్కుంటుంది, దాని పుప్పొడిలో చేరుతుంది. ఆ పుప్పొడిని తామర పురుగులు శెనగాకుల మీద రాలుస్తాయి. అవే ఆకును గీకి రసం పీలుస్తుంటే ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. పూతకు రాకముందే వయ్యారిభామను పీకెయ్యమనీ, చేను చుట్టూ జొన్న వరసలు వెయ్యమనీ అప్పట్నుంచి చెబుతున్నది ఇందుకే. పెద్దాయన చేను చుట్టూ జొన్న నిలువెత్తు పెరిగి ఉంది.

మరి అన్ని లక్షల ఎకరాల్లో తట్టుకుని నిలిచిన రకం ఒక్కటీ ఎందుకు లేదు? జవాబు వెతుక్కుంటూ పటాన్‌చెరు వెళ్ళాం.

1972లో అక్కడ ఏర్పడిన పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు చెందిన విత్తన భాండాగారంలో 15,000కు పైగా వేరుశనగ నమూనాలున్నాయి. 4 డిగ్రీల చలిగదిలో ప్లాస్టిక్ డబ్బాల నిండా కాయలు. తొక్క తీయకుండానే దాచారు. డబ్బా డబ్బాకూ కాయ తీరు వేరు: నొక్కులు పడ్డవి, ముక్కు తేలినవి, వేలెడు పొడవున నాలుగు గింజలవి. దీర్ఘకాలం దాచే విత్తనం మైనస్ 20 డిగ్రీల గదిలో ఉంటుంది. కంటికి ఇంత కనబడుతుంటే వైవిధ్యానికి కరువెక్కడ?

కరువు లోపల ఉంది. సాగు వేరుశనగ దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతుల కలయికతో పుట్టింది. తల్లి అరాకిస్ దురానెన్సిస్, తండ్రి అరాకిస్ ఇపాయెన్సిస్. 2016లో శాస్త్రవేత్తలు ఈ రెంటి జన్యు పటాలనూ ప్రచురించారు. తండ్రి డీఎన్‌ఏ నేటి శెనగలోని ఆ సగంతో 99.96 శాతం సరిపోయింది. ఆ కలయిక జరిగి పదివేల ఏళ్ళు కూడా కాలేదన్నమాట. తల్లిదండ్రులకు చెరి 20 క్రోమోజోములు, బిడ్డకు 40. లెక్క కుదరక అడవి చుట్టాలతో సంబంధాలు తెగిపోయాయి. ప్రపంచమంతా పండే శెనక్కాయ ఏ కొన్ని మొక్కల సంతానమో, బహుశా ఒక్క మొక్క సంతానమో! ఒకే ఇంటి పిల్లలకు ఒకే జబ్బు అంటుకోవడంలో వింతేముంది?

ఇక్కడి పరిశోధకులు 20 అడవి జాతులకు చెందిన 56 నమూనాలకు ఆ వైరస్‌ను కావాలనే అంటించి చూశారు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. పదేపదే పరీక్షించినా ఎనిమిదింటిలో వైరస్ కొత్త ఆకులకు పాకలేదు. ఆ ఎనిమిదిలో ఆరు దురానెన్సిస్‌వే, అంటే తల్లి పుట్టింటివే. మేనమామలు ఆదుకోవడమంటే ఇదే కదా అనిపించింది.

అయితే ఆ గుణాన్ని సాగు రకంలోకి తేవడం ఏళ్ళ తరబడి పని. క్రోమోజోముల లెక్క సరిచేయాలి, అడవి మొక్కతోపాటు వచ్చే చిన్న కాయ వంటి అక్కరలేని లక్షణాలను తరతరానికీ వదిలించుకోవాలి. అది అసాధ్యం కాదని తుప్పు తెగులు విషయంలో ఇప్పటికే రుజువైంది. కార్డెనాసీ అనే మరో అడవి జాతి నుంచి వచ్చిన నిరోధక గుణం ధార్వాడ రకం జీపీబీడీ 4లో ఉంది. దాన్ని డీఎన్‌ఏ గుర్తుల సాయంతో మూడు పేరున్న రకాల్లోకి ఎక్కించినట్టు 2014లో ప్రకటించారు. ఆ మూడింటిలో అనంతపురం రైతులకు బాగా తెలిసిన, 2006లో విడుదలైన ఐసీజీవీ 91114 ఒకటి. తెగులు వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. లేత మొక్క నుంచి గోరంత ఆకు తుంపితే చాలు, గుణం దిగిందో లేదో తేలిపోతుంది.

ఆ గోరంత ఆకు పరీక్షకు ముందు అడవి మొక్క బతికుండాలి. ఇపాయెన్సిస్‌ను సేకరించింది బొలీవియాలో ఒకే ఒక్క చోట. అలాంటి మొక్కను ఒకసారి పోగొట్టుకుంటే ఏ ప్రయోగశాలా తిరిగి పుట్టించలేదు. కొన్ని అడవి జాతులు గింజే సరిగా కట్టవు. వాటిని గాజుగదుల్లో ఏడాది పొడవునా బతికున్న మొక్కలుగానే కాపాడుకోవాలి. గింజ కట్టేవాటితోనూ తిప్పలే. వాటి కాయలో గింజకూ గింజకూ మధ్య సన్నని కాడ ఉంటుంది. ముదరగానే అది తెగి, గింజలు మట్టిలో విడివిడిగా ఉండిపోతాయి. మొక్కను పీకితే వట్టి వేళ్ళే వస్తాయి. అందుకే మట్టినంతా జల్లెడ పట్టాలి. అలా పట్టిన జల్లెడలో చివరికి మిగిలేది గుప్పెడు గింజలు. మన గింజలో సగం కూడా ఉండవు, పైన మట్టిరంగు తొక్క. వాటిని ఒక్కొక్కటిగా ఏరి సంచిలో వేసి, నంబరు చీటీ కట్టి చలిగదికి పంపుతారు.