చౌక మోటారు సైకిలు నేర్పిన పాఠం

2006లో బదిలీపై కోల్‌కతా చేరిన నేను, ఇంటి అప్పు భారం వలన తక్కువ ఖరీదు మోటారు సైకిలు కొన్నాను. తొలకరి వానకే దాని బలహీనత బయటపడింది. స్పార్క్ ప్లగ్ టోపీలోకి తడి చేరగానే విద్యుత్తు దారి తప్పి ఇంజను ఆగిపోయేది. మల్లిక్ బజారులో దొరికే పాత విడిభాగాలతో నెట్టుకొస్తూ, ఆ టోపీ మార్చడాన్ని మాత్రం వాయిదా వేశాను.

ఐదేళ్ల తరువాత ఒక జూలై ఉదయం, అమ్మాయిని కళాశాల ప్రవేశ పరీక్షకు తీసుకువెళుతుండగా, సెంట్రల్ ఎవెన్యూలో చీలమండ లోతు నీటిలో బండి మొరాయించింది. దానిని ఒక దుకాణం ముందు వదలి, మెట్రో స్టేషనుకు పరుగెత్తాము. 1984లో దేశంలోనే మొదటగా ఆరంభమైన ఆ మెట్రోయే మమ్ములను ఆదుకున్నది.

రైలులో అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "నాన్నగారూ, మీ ప్లాంటులో యంత్రాలను కూడా ఆగిపోయాకే బాగుచేస్తారా?"

ముందస్తు నిర్వహణ గురించి ఏళ్ల తరబడి జూనియర్లకు బోధించిన నా వద్ద సమాధానం లేకపోయింది. పరీక్షకు సమయానికి చేరాము గాని, నా తల వాలిపోయింది.

ఆ సాయంత్రమే కొత్త టోపీ వేయించి, కార్బురేటరు గిన్నెలోని నీటిని తీయించి, తేదీలు పుస్తకంలో వ్రాయడం మొదలుపెట్టాను. బండి చౌకదే కావచ్చు. దానిని నమ్మి వెనుక కూర్చున్నవారి భవిష్యత్తు చౌకది కాదు కదా!