సమ్మర్ క్యాంపులు, స్పెషల్ పిల్లలు, మన మొహమాటాలు

జనవరి వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మన తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రెండే టాపిక్కులు. ఒకటి హెచ్-1బి, రెండోది సమ్మర్ క్యాంపులు. చలికోట్లు ఇంకా విప్పకుండానే జూన్ నెల గురించి ఈ కంగారేంటి అనుకునేవాణ్ణి, మనకింకా పెళ్ళీ పిల్లలూ లేరు కదా :) కానీ కంగారులో అర్థం ఉంది. దాదాపు రెండున్నర నెలలు స్కూళ్ళుండవు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులే. అమ్మమ్మో నాయనమ్మో వచ్చి చూసుకుందామంటే వీసా దొరకాలి. అందుకే కోడింగు క్యాంపు, చెస్ క్యాంపు, ఈత క్యాంపు, ఏదో ఒకటి. మామూలు పిల్లాడైతే క్రెడిట్ కార్డు ఉంటే చాలు, పనైపోతుంది.

మరి ఆ పిల్లాడికి ఆటిజం ఉంటే? వీల్‌చెయిర్లో ఉంటే? ఆ ప్రశ్న గ్రూపులో ఎవరూ అడగరు. అలాంటి పిల్లలు లేక కాదు. మా అక్క అదే గ్రూపులో రెండేళ్ళుంది, ఒక్కసారి కూడా అడగలేదు.

అక్కావాళ్ళు ఉండేది డాలస్ దగ్గర. మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు, ఆటిజం. మాటలు తక్కువ, పరుగులెక్కువ. పోయిన చలికాలంలో వాడికి క్యాంపు వెతికే పని నా నెత్తిన పడింది. "రోజంతా నువ్వు చేసేది గూగులేగా, ఇదీ చూసిపెట్టరా" అంది అక్క. సరే, రిక్వైర్‌మెంట్ వచ్చాక తప్పుతుందా.

వెతికితే తెలిసినవి ముందు చెప్పేస్తా, ఎవరికైనా పనికొస్తాయి. "స్పెషల్ నీడ్స్ సమ్మర్ క్యాంప్" అని కొడితే ఎక్కువగా ప్రకటనలే వస్తాయి. దానికి బదులు మీ ఊరి పార్క్స్ అండ్ రిక్రియేషన్ డిపార్ట్‌మెంటు పేరు పెట్టి "ఎడాప్టివ్ రిక్రియేషన్", "థెరప్యూటిక్ రిక్రియేషన్", "ఇన్‌క్లూజన్" అని వెతకండి. చాలా ఊళ్ళలో అసలు సంగతి ఈ పేర్ల వెనకాల ఉంటుంది, ఖర్చు కూడా ప్రైవేటు వాటికన్నా తక్కువే. కొన్ని జబ్బులకి ప్రత్యేకంగా క్యాంపులున్నాయి. కండరాల జబ్బులున్న పిల్లలకి మస్క్యులర్ డిస్ట్రఫీ అసోసియేషన్ ఉచితంగా నడుపుతుంది. పెద్ద జబ్బులతో పోరాడే పిల్లల కోసం నటుడు పాల్ న్యూమన్ 1988లో కనెక్టికట్‌లో మొదలెట్టిన క్యాంపు కూడా ఉచితమే. స్కూలు వాళ్ళు వేసవిలో ఇచ్చే "ఎక్స్‌టెండెడ్ స్కూల్ ఇయర్" వేరే సంగతి. నేర్చుకున్నది సెలవుల్లో బాగా మర్చిపోయే పిల్లలకి ఐ.ఇ.పి. మీటింగులో నిర్ణయించి ఇచ్చే చదువు అది. అడిగి తీసుకోండి, కానీ దాన్ని క్యాంపు అనుకోకండి.

ఇంకోటి, మన ఐటీ వాళ్ళకి బాగా పనికొచ్చేది. ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే డిపెండెంట్ కేర్ ఎఫ్.ఎస్.ఏ. డబ్బులు డే క్యాంపుకి వాడుకోవచ్చు (రాత్రి ఉంచుకునే క్యాంపుకి కుదరదు). మామూలుగా పిల్లలకి 13 ఏళ్ళు నిండితే ఇది ఆగిపోతుంది. తన పనులు తను చూసుకోలేని పిల్లలకి మాత్రం ఆ వయసు పరిమితి లేదు. ఇది మా బావకీ తెలీదు, ఆఫీసులో ఆయన టీమ్‌లో ఎవరికీ తెలీదు.

అన్నట్టు, ఈ వెతుకులాట కొత్తదేం కాదు. 1962లో మేరీల్యాండ్‌లో ఒకావిడ, బుద్ధిమాంద్యం ఉన్న తన బిడ్డని ఏ సమ్మర్ క్యాంపూ చేర్చుకోవట్లేదని యూనిస్ కెనెడీ ష్రైవర్‌కి ఫోన్ చేసింది. ఈవిడ ప్రెసిడెంట్ కెనెడీకి చెల్లెలు. వాళ్ళ అక్క రోజ్‌మేరీది కూడా ఇలాంటి పరిస్థితే. అయితే మా ఇంటికే పంపించండి అని తన పెరట్లోనే క్యాంపు పెట్టేసింది. హైస్కూలు, కాలేజీ పిల్లలే వాలంటీర్లు. ఆరేళ్ళ తర్వాత 1968లో షికాగోలో జరిగిన మొదటి స్పెషల్ ఒలింపిక్స్‌కి మూలం ఆ పెరడే. నాకైతే ఇందులో ష్రైవర్ కన్నా ఆ ఫోన్ చేసినావిడే ఎక్కువ నచ్చింది. నా బిడ్డ ఇలా ఉంటాడు, వాడికీ సెలవులు కావాలి అని పరాయి మనిషికి చెప్పగలిగింది చూశారా, అదీ.

మనదగ్గర తేడా కొట్టేది అక్కడే.

మేం మొదట అడిగిన ఒక ప్రైవేటు క్యాంపు వాళ్ళు "మీ అబ్బాయికి మా ప్రోగ్రాం సరిపోదు" అని రెండు లైన్ల మెయిలు పంపారు. పిల్లాణ్ణి చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. 1990 నాటి ఏ.డి.ఏ. చట్టం ప్రకారం వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో అలా పొమ్మనకూడదు. ఆ పిల్లాడికి ఏం కావాలో విడిగా చూడాలి, తమకి వీలైన మార్పులు చెయ్యాలి, వాటికని అదనంగా ఫీజు అడక్కూడదు. (చర్చిల్లాంటి మతసంస్థలు నడిపేవాటికి ఈ రూలు వర్తించదు.) దెబ్బలాడదామా అంటే అక్క వద్దంది. ఇష్టం లేని వాళ్ళ చేతుల్లో బిడ్డని పెట్టి ఆఫీసులో ఎలా కూచుంటాన్రా అంది. నిజమే.

కానీ ఆ మెయిలు ప్రభావం ఇంకోచోట కనబడింది. తర్వాత దొరికిన క్యాంపు బావుంది. ముగ్గురు పిల్లలకి ఒక మనిషి. ఫారం మాత్రం పన్నెండు పేజీలు! మందులేంటి, ఫిట్స్ వస్తాయా, బాత్‌రూముకి సాయం కావాలా, ఏ చప్పుడుకి భయపడతాడు... బావ నింపుతూ నింపుతూ "చెప్పకుండా పారిపోయే అలవాటు ఉందా" అన్న దగ్గర ఆగిపోయాడు. "అవునంటే వీళ్ళూ వద్దంటారేమో. అప్పుడప్పుడు అని రాద్దామా?" అన్నాడు.

బావది మోసం కాదు, భయం. పెళ్ళిళ్ళలో, గుడిలో, అపార్ట్‌మెంటు పార్టీల్లో ఏళ్ళ తరబడి "వాడు కొంచెం సిగ్గరి అండీ", "మాటలు లేటు, మా తమ్ముడికీ అంతే" అని సర్దిచెప్పి సర్దిచెప్పి అలవాటైపోయింది. ఆ అలవాటే ఫారంలోకీ వచ్చేస్తోంది. చుట్టాల దగ్గరైతే దానివల్ల పోయేది లేదు. క్యాంపు దగ్గర చెరువుంటుంది. ఇంట్లోంచో బళ్ళోంచో తప్పించుకుని వెళ్ళి చనిపోయిన ఆటిజం పిల్లల్లో ఎక్కువమంది మునిగిపోయినవాళ్ళే. మావాడికి నీళ్ళంటే ప్రాణం, ఈత రాదు.

అక్క ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని టైపు చేసింది. "ఉంది. నీళ్ళు కనబడితే పరిగెడతాడు. పిలిస్తే ఆగడు. ఈత రాదు." అంతే. సబ్మిట్ కొట్టి లేచి వెళ్ళి టీ పెట్టుకుంది.

నాలుగో రోజు ఫోనొచ్చింది. బావ మొహం చూడాలి అప్పుడు! వద్దనడానికి కాదు, వివరాలడగడానికి. ఎంత వేగంగా పరిగెడతాడు, ఏం చూపిస్తే ఆగుతాడు, లైఫ్ జాకెట్ వేస్తే గొడవ చేస్తాడా అని నలభై నిమిషాలు మాట్లాడారు. నీళ్ళ దగ్గరున్నంతసేపూ వాడికోసం విడిగా ఒక మనిషిని పెడతామన్నారు. పెట్టారు కూడా. "అప్పుడప్పుడు" అని రాసుంటే ఆ మనిషి ఉండేది కాదు.

బావ చివర్లో "ఇంతకీ ఏం నేర్పిస్తారు?" అని అడగబోతే అక్క చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను. వారానికి ఇన్ని గంటల స్పీచ్, ఇన్ని గంటల బిహేవియర్ థెరపీ, మిగతా పది నెలలూ వాడిదంతా నేర్చుకోడమే. మనం అమ్మమ్మగారింట్లో మామిడిచెట్టు కింద దొర్లిన వేసవిలో మనకి ఎవరేం నేర్పించారు?

ఇండియాలో ఉన్నవాళ్ళకీ ఒకమాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్ళు ఈ పిల్లలకి చదువుతో పాటు ఆటల్లో, వినోదంలో మిగతావాళ్ళతో సమానంగా అవకాశం ఇవ్వాలంటోంది. హైదరాబాదులో మీ పిల్లల స్కూలు సమ్మర్ క్యాంపు పెడితే, ఇలాంటి పిల్లల్ని చేర్చుకుంటున్నారా అని అడగండి. మీ పిల్లాడికి అవసరం లేకపోయినా అడగండి.

ఫారం చివరి పేజీలో "మీ బిడ్డకి ఏమంటే ఇష్టం?" అని ఇంకో గడి ఉంది. జబ్బుల దగ్గర నాలుగు వాక్యాలతో సరిపెట్టిన అక్క, అక్కడ రాయడం మొదలెడితే ఆ గడి చాలక విడిగా ఇంకో పేజీ జతచేయాల్సొచ్చింది. అప్పటిదాకా ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదట.